గేజిలో కదలని నీళ్లు

ఇట్టా జరుగమ్మే. ఆడ కూర్చుంటే పొగంతా నీ మొహానికే కొడతాది, గాలి పులికాట్ సరస్సు వైపు నుంచి మళ్లింది. ఆ సరుగుడు మొద్దు ఇటందియ్. తెల్లారుజామున భోగిమంట ఎట్టాగూ ఉంది గానీ, నాకు ఈ రాత్రి చలిమంటే ఇష్టం. దీని కాడైతే నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీ అమ్మ చెప్పిందిలే. పండక్కి వొచ్చినదానివి రెండు రోజుల నుంచీ అన్నం సరిగ్గా తినలా. నువ్వు పరీక్ష చేసే ప్రోగ్రాములో ఏదో తేడా ఉందని ముందే రాసిచ్చినావంట. పైవాళ్లు "ఇన్నాళ్లూ పని చేసింది గదా" అని పక్కన పెట్టినారంట. తీరా అది కూలబడినాక, గట్టిగా ఎందుకు చెప్పలేదని నిన్నే నిలదీసినారంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మా బాయిలరే కళ్ల ముందర మెదల్తా ఉంది. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలా ఈ సంగతి.

నాకప్పుడు ఇరవై నిండలా. ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో చేరినా. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబోసి ఆడించేవాళ్లు. ఆ ఆవిరి ఇచ్చేది మా బాయిలరు. పొయ్యిలోకి ఊక ఎగదోయడం, బూడిద లాగడం నా పని. బాయిలరు ముందర నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటాది, గేజి గ్లాసు అంటారు. లోపల నీళ్లెంత ఉండాయో అందులో తెలస్తాది. బాయిలరుకి ప్రాణం ఆ నీళ్లే. గొట్టాలు తేలేంతగా నీళ్లు దిగిపోయినాయంటే ఇనుము ఎర్రగా కాలి వంగిపోతాది. ఒక్కోసారి పేలతాది కూడా.

ఒక రాత్రి ఆ గాజులో నీళ్లు కదలకుండా ఉండటం చూసినా. మంచి గేజిలో నీళ్లు ఎప్పుడూ కాస్త ఊగతా ఉంటాయి, లోపల మరుగుతా ఉంటాది గదా. ఇవి పటంలో గీసిన నీళ్ల మాదిరి ఉండాయి. బాయిలరు చూసుకునే అటెండరు కాడికి పోయి చెప్పినా. ఆయన చెడ్డోడు గాదు, పని తెలిసినోడు, నాకు పని నేర్పింది కూడా ఆయనే. "సగం పైన కనపడతా ఉండాయి గదరా, ఇంకేం గావాల" అన్నాడు. నిజమే, సగం పైనే ఉండాయి. గాజులో ఉండాయి. బాయిలర్లో కూడా ఉండాయా అని ఆయన అడగలా, నేనూ అడగలా. ఒకసారి చెప్పేసినా గదా అనుకోని మళ్లీ ఊక తోసుకుంటా ఉండిపొయినా. ఆ ఊరుకోవడం ఈ రోజుకీ నన్ను బాధపెడతాది.

గాజు కింద చిన్న కుళాయి ఉంటాది. అది తిప్పి ఒక్కసారి నీళ్లు వదిలి మూస్తే, మళ్లీ చటుక్కున పైకి రావాల. వొస్తే గేజి నిజం చెప్తున్నట్టు. రాకపోతే దారి మూసుకపోయినట్టు. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, గార పట్టి ఆ దారి మూసేసింది. తెల్లారేసరికి లోపల గొట్టాలు కాలి వంకర పోయినాయి. మనుషులకేం గాలా, అది మా అదృష్టం. పంట చేతికొచ్చే రోజుల్లో మిల్లు నెలన్నర మూతబడింది.

అసలు సంగతి ఆ తర్వాతది. యజమాని వొచ్చి ఒకే ఒక్క మాట అడిగినాడు. రాత్రి డ్యూటీలో ఎవరుండారు? అటెండర్ని పంపించేసినారు. కొత్త గొట్టాలు వేసినారు, కొత్త గాజు పెట్టినారు. నీళ్లు మాత్రం ఆ బోరువే. పాత గాజు ఎందుకు అబద్ధం చెప్పిందని ఒక్కరు కూడా అడగలా. ఏడాది తిరక్కుండానే కొత్త గాజులో కూడా నీళ్లు కదలడం మానేసినాయి. ఈసారి నేను గొంతు చించుకోని అరిచి మంట లాగేయించినా. బాయిలరు దక్కింది. పోయిన అటెండరు మాత్రం మళ్లీ యాడా కుదురుకోలా.

ఇంకో కట్టె వెయ్యి. ఆఁ, అట్ట.

ఇప్పుడు షార్ సంగతి, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం సంగతి చెప్తా. నాకు ఆడ ఉద్యోగం లేదు, చదువూ అంతంత మాత్రమే. కానీ సూళ్లూరుపేటలో పుట్టినోళ్లకి షార్ అంటే పక్కిల్లే. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు, రోహిణి-125, పైకి పొయినప్పటి నుంచి వింటా ఉండాం. షార్ వాళ్లు మన వీధుల్లో అద్దెకుండేవాళ్లు, టీ కొట్టు కాడ కలిసేవాళ్లు. తర్వాత్తర్వాత వాళ్లు రాసుకున్న పుస్తకాలు తెచ్చుకోని చదివినా. వాళ్ల రాకెట్లు పడిపొయినప్పుడల్లా నేను చూసింది ఒకటే, తర్వాత వీళ్లేం అడుగుతారా అని. మా యజమాని అడిగిందే అడుగుతారా, ఇంకేదన్నానా?

1979 ఆగస్టు 10. పొద్దున్నే ఊరంతా మిద్దెలెక్కింది. ఎస్ఎల్‌వి-3, మనోళ్లు సొంతంగా చేసుకున్న మొదటి ఉపగ్రహ వాహనం. 22 మీటర్ల పొడుగు, 17 టన్నుల బరువు, నాలుగు అంచెలు. లేచింది, మేమంతా కేకలేసినాం. అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడిపోయింది.

దాని ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. చివరి నిమిషాల్లో కంప్యూటరు ఆగమన్నదని, రెండో అంచెని అదుపు చేసే ఏర్పాటులో కారుడు కనపడిందని ఆయనే పెద్దయినాక సభల్లో చెప్పుకున్నారు. నిపుణులు లెక్క చూసి, కారినా సరిపడా మిగులుతాదిలే అన్నారు. ఆయన కంప్యూటర్ని పక్కనబెట్టి ముందుకు పొమ్మన్నారు. ఒక వాల్వు సరిగ్గా మూసుకోక నైట్రిక్ యాసిడ్ అంతా కారిపోయింది. రెండో అంచె వేళకి అదుపు చేయడానికి ఏమీ మిగల్లా. 'కారుతా ఉంది, అయినా కొంచెమే' అనే నమ్మకం, నా గాజులో సగం పైన కనపడిన నీళ్లు, రెండూ ఒకటేనమ్మే. కంటికి కనపడింది నిజమే. దాన్ని చూసి వీళ్లు అనుకున్నది తప్పు.

అయితే మా మిల్లులో జరిగినట్టు ఆడ జరగలా. అప్పుడు ఇస్రో పెద్ద సతీశ్ ధావన్ గారు. విలేకరుల ముందర ఆయనే కూర్చోని ఓటమిని తన మీద వేసుకున్నారు, నా వాళ్ల మీద నాకు నమ్మకముంది అన్నారు. కలాం గారిని ఆ కుర్చీలో నుంచి కదిలించలా. డెబ్బై మందికి పైగా కూర్చోని ఏ వాల్వు, ఏ నిమిషంలో, ఎందుకు అని విప్పుకుంటా పొయినారు. తప్పు నాదేనని చెప్తే ఉద్యోగం పోదని తెలిస్తేనే మనిషి నోరు విప్పతాడు. మా అటెండరు నోరు విప్పలా. ఆయన చెప్పుంటే, ఆ గాజు కుళాయిని అంతకు ముందు ఎన్నాళ్ల నుంచి తిప్పి చూడలేదో బయటపడేది.

మరుసటి ఏడాది 1980 జూలై 18న అదే ఎస్ఎల్‌వి-3, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరుల ముందరికి ధావన్ గారు కలాం గారిని పంపించి, తాను వెనక్కి జరిగినారు. ఊళ్లో మిఠాయిలు పంచినారు. చెంగాళమ్మ గుళ్లో కొబ్బరికాయలు కొట్టినారు.

గెలుపుతో ఇంకో చిక్కొచ్చింది. దీన్ని గురించి నేను శానా ఆలోచించినా.

ఎస్ఎల్‌వి-3 ఎగిరింది గదా, దాని పక్కన అలాంటివే ఇంకో రెండు మోటార్లు కట్టేస్తే 150 కిలోల ఉపగ్రహం మోస్తాదని ఏఎస్ఎల్‌వి మొదలుబెట్టినారు. లెక్కకి తప్పు గాదు. ఎద్దుల బండికి ఇంకో జత కట్టినట్టు. కానీ నాలుగెద్దుల్ని తోలడం రెండెద్దుల్ని తోలడం గాదని బండి తోలినోళ్లకి తెలుసు. పక్కన రెండు మోటార్లు మండి ఆరిపోవాల, ఆరీ ఆరకముందే నడిమి మోటారు అంటుకోవాల. సరిగ్గా ఆ వేళకే రాకెట్టు దట్టమైన గాలిని చీల్చుకుంటా శానా వేగంగా పోతా ఉంటాది, దాని మీద గాలి ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ ఉండేది అప్పుడే.

1987 మార్చి 24న పక్క మోటార్లు మండినాయి, నడిమిది అంటుకోనే లేదు. సముద్రంలో పడింది. విచారించినారు. అంటించే ఏర్పాటులో యాడయాడ తప్పు జరిగుండొచ్చో అన్నీ సరి చేసినారు. 1988 జూలై 13న మళ్లా ఎగరేసినారు.

ఆ రోజు నేను మిద్దె మీదనే ఉండా. మనకీ షార్‌కీ నడుమ పులికాట్ అడ్డం గదా, వెలుగు ముందొస్తాది, మోత నిమిషానికి కాస్త అటూ ఇటుగా వొస్తాది. పొగ చార కొంచెం పైకి పోయి చెదిరిపోయింది. ఆ తర్వాత మోత వొచ్చి కిటికీలు అదిరినాయి. రాకెట్టు లేచినప్పటి మోత అది. అది మా చెవుల్లో పడేసరికి ఆ రాకెట్టే లేదు. పక్కన నిలబడిన పిలగాడొకడు ఆ మోతకి చప్పట్లు కొట్టినాడు. వాడికి ఎట్ట చెప్పాల్నో నాకు తెలవలా.

ఈసారి నడిమిది అంటుకుంది. పక్క మోటార్ల బలం తగ్గిపోయినాక, నడిమిది బలం పుంజుకునే లోపల ఆ కొంచెం సందులో రాకెట్టుని పట్టుకునే వాళ్లు లేకపోయినారు. గాలి దాన్ని తిప్పి విరిచేసింది. మొదటిసారి సరిచేసింది అంటించే ఏర్పాటుని. ఎప్పుడు అంటించాల అనేది మాత్రం ముందే రాసిపెట్టుకున్న గడియారం లెక్క. దాన్ని తప్పుబట్టాలని ఎవరికీ తోచలా.

అప్పుడు వాళ్లు చేసిన పని నాకు శానా గొప్పగా కనపడతాది. సొంత వాళ్లతో ఒక కమిటీ ఉండనే ఉంది, అది చాలదన్నారు. బయటి నిపుణుల్ని పిలిచి ఇంకో సంఘం వేసి, బెంగుళూరు నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ డైరెక్టరు రొద్దం నరసింహ గారిని దానికి పెద్దగా పెట్టినారు. రొద్దం మన అనంతపురం సీమలో ఊరు, ఆయన ఇంటిపేరు ఆ ఊరిదే. గాలి నడక మీద జీవితమంతా పని చేసిన మనిషి. ఇంట్లో వాళ్లకి రోజూ నడిచే గడప కనపడదు, చుట్టానికే కాలికి తగల్తాది. మా లెక్కలన్నీ ముందర పరస్తాం, యాడ తప్పుందో చెప్పండి అని బయటోళ్లని పిలవడానికి ఎంత గుండె గావాల! రెండుసార్లు దేశమంతటి ముందర ఓడినోళ్లు, తలుపులు బిగించుకోవాల్సిన వేళ తలుపులు తెరిచినారు.

ఆ తర్వాత గడియారాన్ని నమ్మడం మానేసినారు. పక్క మోటార్ల బలం నిజంగా ఎప్పుడు తగ్గతా ఉందో రాకెట్టే కనిపెట్టి, ఆ క్షణానికి నడిమి దాన్ని అంటించేట్టు చేసినారు. నిలకడకి కింద రెక్కలు పెట్టినారు. గాలి ఒత్తిడి తగ్గేట్టు దారిని మార్చినారు. నా భాషలో చెప్పాలంటే, గాజుని చూడటం మాని కుళాయి తిప్పి చూడటం నేర్చుకున్నారు. దీనికి నాలుగేళ్లు పట్టింది. 1992 మే 20న ఏఎస్ఎల్‌వి గెలిచింది. కక్ష్య మాత్రం అనుకున్నదానికన్నా కిందికి వొచ్చింది, జూలైకల్లా ఆ ఉపగ్రహం రాలిపోయింది. గెలిచినాం గదా అని ఊరుకోకుండా అదెందుకని కూడా విప్పి చూసుకోని, 1994 మేలో ఇంకోటి ఎగరేసి సరిగ్గా నిలబెట్టినారు.

నిద్రొస్తుందా? లేదా? అయితే నీ పనికి సంబంధించిన ముచ్చట ఇది, వినుకో.

1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్ఎల్‌వి. దాని మీద 846 కిలోల ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహం. రెండో అంచె ఊడిపోయేటప్పుడు అనుకోని కుదుపొచ్చింది. కుదుపొస్తే సర్దుకోవాలని లోపల కంప్యూటరు ఉంది, ప్రోగ్రాము ఉంది. ఆ ప్రోగ్రాములో ఒక తప్పు దాక్కోనుంది. రాకెట్టుని తిప్పమనే ఆజ్ఞ ఒక హద్దు లోపల ఉన్నంతసేపూ అది బయటపడదు. హద్దు దాటితేనే లెక్క తిరగబడతాది. నేలమీద చేసిన పరీక్షల్లో ఆ తప్పు దొరకలా, పైన కుదుపు దాన్ని హద్దు దాటించింది. ఉపగ్రహం పోయింది.

నువ్వు రాసిచ్చింది కూడా ఇట్టాంటిదేనంట గదా, అంకె ఒక హద్దు దాటితే ఏమవుతాదని? మీ అమ్మ అట్నే చెప్పింది. రోజూ వొచ్చే అంకెలతో ప్రోగ్రాము బానే ఉంటాది. రాకూడని అంకె ఇచ్చి చూసేవాళ్లు ఒకళ్లుండాల. అది ఎక్కువ మాట్లాడ్డం గాదమ్మే, అదే నీ ఉద్యోగం. ఇస్రో వాళ్లు ఆ ప్రోగ్రాముని వరస వరసా చదివి దిద్దుకున్నారు, 1994 అక్టోబరు 15న రెండో పీఎస్ఎల్‌వి 804 కిలోల ఉపగ్రహాన్ని పైన పెట్టింది.

ఇంకో రెండు రోజుల సంగతి చెప్పి ఆపేస్తా. ఎగిరిన రోజులు గాదు, ఎగరని రోజులు.

2013 ఆగస్టు 19. జీఎస్ఎల్‌వి, మనోళ్లు సొంతంగా చేసిన క్రయోజెనిక్ ఇంజను దాని మీద ఉంది. అంతకు ముందు 2010లో ఆ ఇంజనుతో ఒకసారి ఓడినారు, మూడేళ్ల నుంచి దీని కోసమే కాచుకోనుండారు. గంటా పద్నాలుగు నిమిషాలుందనగా రెండో అంచెలో ఇంధనం కారడం కనపడింది. ఆపేసినారు. 1979లో కారినప్పుడు పోనిమ్మన్నారు, 2013లో కారినప్పుడు నిలబడిపొయినారు. రాకెట్టుని వెనక్కి తీసుకపోయి, ఆ అంచెనే తీసేసి, ట్యాంకుకి వాడే లోహం కూడా మార్చి, 2014 జనవరి 5న ఎగరేసినారు. క్రయోజెనిక్ ఇంజను మండింది. అప్పుడు కూడా ఇట్టనే సంక్రాంతి ముందర, చలి.

రెండోది 2019 జూలై 15, చంద్రయాన్-2. తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి ముహూర్తం. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు స్వయంగా వొచ్చి కూర్చోనుండారు. దేశమంతా టీవీల ముందరుంది. మన వీధిలో పిల్లలు కూడా పడుకోలా. ఇంకా 56 నిమిషాల 24 సెకండ్లుందనగా గడియారం ఆగింది. ఆ రాత్రి ఆడ మొదట ఎవరికి అనుమానమొచ్చిందో మనకి తెలవదు. ఎవరైనా గానీ, దేశానికి పెద్దాయన ఎదురుగా ఉన్నా ఆపండి అనగలిగినారు, పైవాళ్లు ఆపినారు. నేను ఆ రాత్రి టీవీ ముందర కూర్చోని ఏడ్చినా. మీ అవ్వ రాకెట్టు పోలేదని ఏడుస్తుండానని అనుకుంది. వారం తిరిగేసరికి 22న అది ఎగిరింది.

అంత జాగ్రత్త పడినా సెప్టెంబరులో చంద్రుడి మీద దిగేటప్పుడు దెబ్బతినింది. అప్పుడు కూడా అడిగింది ఎవరు అని గాదు. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంగా తోసినాయి, తేడాలు పేరుకుంటా పొయినాయి, గబుక్కున తిరగాల్సొస్తే అంత వేగంగా తిరగడానికి ప్రోగ్రాము ఒప్పుకోలా, దిగాల్సిన జాగా చూస్తే 500 మీటర్లకి 500 మీటర్లే. ఇవన్నీ తర్వాత ఇస్రో చైర్మన్ అయిన సోమనాథ్ గారే బయటికి చెప్పినారు. అన్నీ సరిగ్గా జరిగితే ఎట్ట దిగాల అనేదాని మీద పోయినసారి కట్టినాం, ఈసారి ఏవేవి చెడిపోవచ్చో ముందనుకోని కట్టినాం అన్నారు. చంద్రయాన్-3కి దిగే జాగాని 4 కిలోమీటర్లకి 2.4 కిలోమీటర్లు చేసినారు, కాళ్లు గట్టిపరిచినారు, ఇంధనం ఎక్కువ పోసినారు, వేగం కొలవడానికి కొత్త సాధనం పెట్టినారు. 2023 ఆగస్టు 23న దిగింది, నువ్వూ చూసినావు గదా, ఫోను చేసి అరిచినావు.

మంట అడుగంటతా ఉంది. ఆ చితుకులు కూడా తోసెయ్.

మా మిల్లు ముచ్చటలో ఒకటి చెప్పలా. రెండోసారి గాజు మూసుకపోయినప్పుడు నేను అరిచినాక, కొత్తగా వొచ్చిన ఫోర్‌మన్ ఒక నోటుబుక్కు కొని బాయిలరు పక్కన మేకుకి దారంతో కట్టినాడు. ప్రతి డ్యూటీ మొదట్లో గేజి కుళాయి తిప్పి చూసి, నీళ్లు ఎంత చురుగ్గా తిరిగొచ్చినాయో అందులో రాయాల. నేను మొదటి రోజు ఏం రాసినానో ఇప్పటికీ గుర్తుంది. 'నీళ్లు నిదానంగా వొచ్చినాయి. అనుమానంగా ఉంది' అని రాసినా. ఫోర్‌మన్ అది చదివి, కొట్టెయ్యకుండా కింద సంతకం పెట్టి, ఆ పూట గొట్టం విప్పించినాడు. లోపల సున్నం మాదిరి గార, వేలు దూరనంతగా.

పద, ఫోను తియ్. నువ్వు వాళ్లకి రాసిచ్చింది ఉంటాది గదా అందులో. ఇంగ్లీషులో ఉన్నా ఫర్లేదు, తెలుగులో చెప్పుకుంటా చదువు. వింటా.